దున్నేది మనం, పైసలు పడేది ఎవరి ఖాతాల?

కౌలు రైతన్నలారా! నాట్లేసే అక్కలారా!

కాంగ్రెస్ సర్కారోళ్లు చేసింది చేసిండ్రని ఒప్పుకుందాం. 2024ల రెండు లక్షల లోపు రుణమాఫీ చేసిండ్రు. సన్న వడ్లకు క్వింటాలుకు 500 బోనస్ పెట్టిండ్రు. ఆడోళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ. మంచిదే! కాదన్నోళ్లెవరు?

మరి మన సంగతేంది?

మాఫీ అయింది బ్యాంకు అప్పు. మనకు బ్యాంకు అప్పిచ్చిందెప్పుడు? మన అప్పంతా మందుల దుకాణంల! నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి! దాన్ని మాఫీ చేసేటోడెవడు?

2022 మే 6న వరంగల్ రైతు డిక్లరేషన్ గుర్తుందా? 2023 సెప్టెంబర్ 17న తుక్కుగూడల ఆరు గ్యారంటీలు? రైతుకే కాదు, కౌలు రైతుకు సుత ఏడాదికి ఎకరాకు 15 వేలన్నరు. నమ్మినం. లైన్ల నిలబడి ఓటేసినం. 2025 జనవరి 26న రైతు భరోసా మొదలువెట్టిండ్రు. 15 కాదు, 12 వేలు! అది సుత పట్టా ఉన్నోళ్లకే! వాళ్లకు మూడు వేలు కోసిండ్రు, మనకు మొత్తానికే కోసిండ్రు.

ముందున్న గులాబీ (బీఆర్ఎస్) సర్కారేమన్న తక్కువ తిన్నదా? 2018ల రైతుబంధు తెచ్చి మనకు పైసా ఇయ్యలే. ధరణి తెచ్చి అనుభవదారు కాలమే లేపేసింది. వాళ్లు ఇయ్యమని మొహం మీదనే చెప్పిండ్రు. వీళ్లు ఇస్తమని చెప్పి ఎగవెట్టిండ్రు. గంతే తేడా!

2025 వానాకాలం యూరియా లైన్లు మరిచిపోతమా? తెల్లారకముందే చెప్పులు వరుసల పెట్టి, ఎండల కూసొని కౌంటర్ కాడికి పోతే మొదటి మాటేంది? "పాస్‌బుక్ తెచ్చినవా?" ఎవరిది తేవాలె? ఆసామి పట్నంల ఉంటడు. జిరాక్స్ కోసం బతిమిలాడాలె. వడ్ల కాంటా కాడ సుత గదే లొల్లి. తరుగు పోయేది మన కష్టంల, పైసలు పడేది ఆయన ఖాతాల! "పడ్డయా పటేలా?" అనుకుంట రోజూ ఫోన్ చేయాలె. బోనస్ సుత అంతే! సర్కారు పైసలు పడ్డయని మన కౌలు రూపాయన్నా తగ్గిందా?

మందు తాగి సచ్చినా మన ఇంటికి రైతు బీమా ఐదు లక్షలు రావు. పట్టా లేదు కదా!

కౌలుదారును గుర్తువట్టుడు కష్టమట! ఊర్ల ఎవ్వల చెల్క ఎవ్వలు దున్నుతుండ్రో ఎవరికెరుక లేదు? కార్డులియ్యాలని 2011లనే చట్టం చేసిండ్రు. ఆ కార్డుతోని భూమి మీద హక్కు రాదని అండ్లనే రాసిండ్రు. పట్టా ఉన్న అన్నలూ, మీకు భయమెందుకు? మాకు మీతోని కొట్లాట లేదు.

వచ్చే సోమవారం ప్రజావాణికి, కలెక్టరేట్‌కు కదులుదాం! తెల్ల కాగితం మీద ఎవరి భూమి, ఎన్నెకరాలు, ఏ పంట రాసుకొని, ఆధార్ జిరాక్స్ పట్టుకొని రండ్రి. రసీదు తీసుకోకుండ ఒక్కరు సుత ఇంటికి మర్లద్దు!