వాడినా వాడకున్నా బిల్లు: గ్యాస్ కాంట్రాక్టు చదవనిదే సంతకం చేయకండి

నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో బాయిలరో ఫర్నేసో నడుపుతున్న ప్రతి యజమానికీ, ఏఎస్ రావు నగర్, ఉప్పల్ పరిసరాల్లో పెద్ద వంటశాలలున్న హోటళ్లకూ క్యాటరింగ్ వాళ్లకూ ఈ మాట ఇప్పుడే చేరాలి. పైపు గ్యాస్ కనెక్షన్ కోసం మీ టేబుల్ మీదికి వచ్చే ఒప్పందంలో ధర ఉన్న పేజీ ఒక్కటే చూసి సంతకం పెట్టకండి. మిమ్మల్ని ముంచే షరతులు ఆ పేజీలో ఉండవు. అవి వెనక పేజీల్లో, సన్న అక్షరాల్లో ఉంటాయి.

గ్యాస్ వద్దని మేం అనడం లేదు. ఫర్నేస్ ఆయిల్ పొగతో, బొగ్గు బూడిదతో చుట్టుపక్కల కాలనీలు ఎంత అవస్థ పడ్డాయో ఈ ప్రాంతంలో ఉన్నవాళ్లకు తెలియంది కాదు. గ్యాస్ శుభ్రమైన ఇంధనం, నిల్వ బాధ ఉండదు, ట్యాంకర్ కోసం ఎదురుచూపులుండవు. ప్రమాదమంతా కాగితంలో ఉంది.

ఇప్పుడే ఎందుకంటే, పైపులో వచ్చే సరుకు మారుతోంది. దేశంలో దొరికే చవక గ్యాస్‌లో తొలి వాటా ఇళ్లకూ సీఎన్‌జీ వాహనాలకూ దక్కుతుంది. ఆ వాటాకే 2024 అక్టోబరులో ఒకసారి, నవంబరులో ఇంకోసారి ఇరవై శాతం మేర కోత పడింది. 2025 జనవరిలో కొంత తిరిగి ఇచ్చారు గానీ, కొరత పూడ్చుకోవడానికి పంపిణీ సంస్థలు ఖరీదైన గ్యాస్ కొనక తప్పలేదు. ఆటోవాడికే ఈ గతి పడితే ఫ్యాక్టరీకి మిగిలేదేమిటి? విదేశాల నుంచి ఓడలో వచ్చిన ద్రవ సహజ వాయువే, అంటే ఎల్‌ఎన్‌జీయే. దానితోపాటు రేవులో పుట్టిన షరతులు కూడా పైపు వెంబడి నాచారం దాకా వస్తాయి.

ఆ రేవులో జరిగేది కాస్త చూడాలి. సహజ వాయువును మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమై, దాదాపు ఆరువందో వంతు చోటులో ఇముడుతుంది. ఖతార్ నుంచి వచ్చిన ఓడ గుజరాత్‌లోని దహేజ్ జెట్టీకి ఆనగానే, టెర్మినల్ నుంచి చాచిన ఉక్కు చేతులను ఓడ పైపు అంచుకు బిగిస్తారు. కాంట్రాక్టుల్లో ఆ అంచుకు చాలా విలువ ఉంది. డెలివరీ పద్ధతి ఒప్పందాల్లో సరుకు ఆ అంచు దాటే దాకా నష్టభయం అమ్మినవాడిది, దాటాక కొన్నవాడిది. దించే ముందూ తర్వాతా ఓడ ట్యాంకుల్లో మట్టం, ఉష్ణోగ్రత, పీడనం కొలుస్తారు. నమూనా తీసి అందులో మీథేన్ ఎంత, ఈథేన్ ఎంత అని లెక్క తేలుస్తారు. ట్యాంకు ఖాళీ అవుతుంటే ఆ చోటు నింపడానికి ఓడలోకి తిరిగి పంపిన ఆవిరిని కూడా మినహాయిస్తారు. చివరికి బిల్లు ఘనపు మీటర్ల మీద పడదు, వేడి శక్తి మీద పడుతుంది. అంత పకడ్బందీగా కొలిచి కొన్న సరుకును మీకు అమ్మేటప్పుడు ఏ లెక్కన అమ్ముతున్నారు? అడిగారా?

అడగాలి. ఒక ఎంఎంబీటీయూ అంటే 2,52,000 కిలోకేలరీలు. గ్యాస్‌లో ఘనపు మీటరుకు 9,000 కిలోకేలరీల వేడి ఉంటే ఆ శక్తికి 28 ఘనపు మీటర్లు కావాలి. 10,000 ఉంటే 25.2 చాలు. మన కృష్ణా గోదావరి బేసిన్‌లోని డీ6 గ్యాస్ దాదాపు అంతా మీథేనే, పలచన. ఖతార్ ఎల్‌ఎన్‌జీలో ఈథేన్ కలిసి ఉంటుంది, చిక్కన. బిల్లు ఘనపు మీటర్ల మీద పడుతూ పైపులో పలచన గ్యాస్ వస్తే, అదే డబ్బుకు మీ బాయిలర్‌కు అందే వేడి పదో వంతు దాకా తగ్గిపోవచ్చు. వేడి విలువ ఎవరు కొలుస్తారు, ఎన్నాళ్లకోసారి కొలుస్తారు, మీటరు మీద అనుమానం వస్తే ఎవరి ఖర్చుతో పరీక్షిస్తారు అన్నవి ఒప్పందంలో రాసి ఉండాలి. ఈ విషయంలో మన ప్రాంతానికి ఒక అదృష్టం ఉంది. ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరు మీద వెలిసిన కాలనీ ఏఎస్ రావు నగర్. కొలత పరికరాల్లో పండిపోయి రిటైరైన ఇంజనీరు ఏ వీధిలోనైనా ఒకరు దొరుకుతారు. ఆయన్ని పిలిచి, టీ ఇచ్చి, మీటరింగ్ షరతులు చదివించండి.

ఇక అసలు ఉరి టేక్ ఆర్ పే. తీసుకో, లేదా డబ్బు కట్టు. ఎల్‌ఎన్‌జీ దీర్ఘకాలిక వ్యాపారమంతా ఈ షరతు మీదే నిలబడింది. మంచు కన్నా చల్లని సరుకును సముద్రాలు దాటించే ఏర్పాట్లకు వేల కోట్లు పోసినవాడు, ఇరవై ఏళ్లు కొంటామన్న హామీ లేనిదే పని మొదలుపెట్టడు. అందులో తప్పు లేదు. టెర్మినల్‌కూ ఇదే రకం షరతు వేరే పేరుతో ఉంటుంది: వాడుకో, లేదా కట్టు. ఓడ తెచ్చినా తేకపోయినా బుక్ చేసుకున్న సామర్థ్యానికి అద్దె చెల్లించాలి. ఈ రెండూ మెట్టు మెట్టుగా దిగివచ్చి మీ ఒప్పందంలో కనీస వినియోగ హామీగా, సేల్స్ వాళ్ల భాషలో ఎంజీఓగా, కూర్చుంటాయి.

లెక్క వేద్దాం. రోజుకు 2,000 ఘనపు మీటర్లకు ఒప్పందం, కనీస హామీ 80 శాతం అనుకోండి. అంటే 1,600కు ఎలాగూ కట్టాలి. ఆర్డర్లు పడిపోయి ఒక నెల రోజుకు 1,000 మాత్రమే వాడారు. మిగిలిన 600 చొప్పున ముప్పై రోజులకు 18,000 ఘనపు మీటర్లు. ధర 60 రూపాయలనుకుంటే, మీ గేటు దాటి లోపలికి రాని గ్యాస్‌కు మీరు కట్టేది 10 లక్షల 80 వేలు. అదీ పని లేని నెలలో. చిన్న పరిశ్రమను మూయించడానికి ఇలాంటి నెలలు రెండు చాలు.

పెద్దవాళ్లు కూడా ఈ ఉరిలో చిక్కారు, కానీ బయటపడే దారి వాళ్లకుంది. దహేజ్ టెర్మినల్ నడిపే పెట్రోనెట్ సంస్థ 1999లో ఖతార్‌కు చెందిన రాస్‌గ్యాస్‌తో ఏడాదికి 75 లక్షల టన్నులకు ఒప్పందం కుదుర్చుకుంది. చమురు ధర కుప్పకూలాక 2015లో కాంట్రాక్టు ధర, అప్పటికప్పుడు కొనే సరుకు ధర అయిన స్పాట్ ధర కన్నా బాగా పైన ఉండిపోయింది. పెట్రోనెట్ సరుకు తగ్గించి తీసుకుంది. షరతు ప్రకారం పడాల్సిన జరిమానా దాదాపు 12,000 కోట్ల రూపాయలు. కేంద్ర ప్రభుత్వం రంగంలోకి దిగింది. ఖతార్ ఆ జరిమానాను వదులుకుంది, ధర సూత్రాన్ని మార్చింది, అదనంగా మరో పది లక్షల టన్నులు అమ్ముకుంది. దహేజ్‌లో బుక్ చేసుకున్న సామర్థ్యం వాడని సంస్థల్లో గెయిల్, ఇండియన్ ఆయిల్, బీపీసీఎల్ ఉన్నాయి. ఇవి పెట్రోనెట్ ప్రమోటర్లే. వాటికి బ్యాంకు గ్యారంటీల మీద ఏళ్ల గడువు దొరికింది. మల్లాపూర్‌లో డైయింగ్ యూనిట్ యజమాని కోసం ఏ మంత్రి దోహా విమానం ఎక్కుతాడు?

తక్కెడ రెండో పళ్లెం ఇంకా ఘోరం. మీరు తీసుకోకపోతే పూర్తి ధర. వాళ్లు ఇవ్వకపోతే? గెయిల్ అనుభవం చూడండి. రష్యాకు చెందిన గాజ్‌ప్రోమ్ సింగపూర్ విభాగంతో 2012లో ఏడాదికి 25 లక్షల టన్నులకు ఇరవై ఏళ్ల ఒప్పందం జరిగింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం తర్వాత ఆ విభాగం జర్మనీ ప్రభుత్వం చేతికి వెళ్లింది, ఓడలు ఆగిపోయాయి. ఆసియాలో స్పాట్ ధర ఎంఎంబీటీయూకు 50 డాలర్లు దాటిన రోజులవి. గెయిల్ తన కింది వినియోగదారులకు గ్యాస్‌ను రేషన్ చేసింది. తర్వాత లండన్ ఆర్బిట్రేషన్‌లో 180 కోట్ల డాలర్లకు పైగా పరిహారం అడిగింది. చివరికి 2025 జనవరిలో 28.5 కోట్ల డాలర్లకు రాజీ పడింది. నవరత్నాలను దాటి మహారత్నమైన సంస్థకు దక్కింది అదైతే, మీ ఒప్పందంలో సరఫరా ఆగినప్పుడు మీకు దక్కేదెంత? ఎక్కువ ఒప్పందాల్లో అమ్మేవాడి బాధ్యతకు గరిష్ఠ పరిమితి ఉంటుంది. ఫోర్స్ మెజర్, అంటే చేతిలో లేని కారణాల షరతు కింద పైనున్న సరఫరాదారు విఫలమైనా, పైప్‌లైన్ ఆగినా వాళ్లకు మినహాయింపు రాసుకుంటారు. మీ ఫ్యాక్టరీలో సమ్మె, మీ కొనుగోలుదారు దివాలా, కాలుష్య మండలి మూసివేత ఉత్తర్వు అందులో ఉన్నాయో లేవో వేలు పెట్టి చూపించమనండి.

గ్యాస్ వస్తుందన్న నమ్మకం మీద పెట్టుబడి పెడితే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే ఎవరో చెప్పక్కర్లేదు. 2009లో డీ6 గ్యాస్ మొదలైంది, నాలుగేళ్లు తిరక్కుండానే 2013 మార్చి నాటికి విద్యుత్ కేంద్రాలకు ఆగిపోయింది. వేమగిరి, కొండపల్లి, సామర్లకోటల్లో వేల కోట్ల యంత్రాలు మూలపడ్డాయి. 2015లో దిగుమతి ఎల్‌ఎన్‌జీకి కేంద్రం సబ్సిడీ ఇచ్చి కొన్నింటిని రెండేళ్లు నడిపించింది, ఆ తర్వాత అదీ పోయింది. కాకినాడలో తేలే టెర్మినల్, గంగవరంలో మరొకటి అంటూ వచ్చిన ప్రతిపాదనలూ కాగితాల మీదే ఆగాయి.

మన ప్రాంతానికి ఉన్న ఇంకో ముప్పు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన హిల్ట్ విధానం ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పారిశ్రామిక భూములను ఇళ్లకూ దుకాణాలకూ మార్చుకునే వీలు కల్పించింది. నాచారం, ఉప్పల్, మల్లాపూర్, చర్లపల్లి అన్నీ ఆ పరిధిలోవే. ఆ విధానం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఈరోజు అయిదేళ్ల గ్యాస్ ఒప్పందం చేసుకుని, రెండేళ్లకే ఫ్యాక్టరీని ఔటర్ అవతలికి తరలిస్తే మిగిలిన మూడేళ్ల కనీస హామీ ఏమవుతుంది? కొత్త చోట పంపిణీ హక్కు వేరే సంస్థది కావచ్చు, కనెక్షన్ మీ వెంట రాకపోవచ్చు. స్థలం మారితే జరిమానా లేకుండా రద్దు చేసుకునే వాక్యం ఒకటి మీ ఒప్పందంలో ఉండి తీరాలి. అద్దె షెడ్డులో ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. భూమి మార్చుకునే నిర్ణయం ఓనరుది, గ్యాస్ బాకీ మీది.

ధర పోల్చేటప్పుడు పన్ను మరవకండి. సహజ వాయువు ఇంకా జీఎస్టీలోకి రాలేదు, దాని మీద కట్టిన వ్యాట్‌కు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. ఫర్నేస్ ఆయిల్, కమర్షియల్ ఎల్‌పీజీ మీద కట్టిన జీఎస్టీకి అర్హులైనవారికి క్రెడిట్ వస్తుంది. మీ ఆడిటరు ఈ తేడా కలిపి లెక్క వేసేదాకా గ్యాస్ చవక అన్న మాట నమ్మకండి.

బేరం ఆడటానికి వీలే లేదని చేతులెత్తేయవద్దు. నగరంలో పైపు గ్యాస్ పంపిణీ చేసేది గెయిల్, హెచ్‌పీసీఎల్ ఉమ్మడి సంస్థ భాగ్యనగర్ గ్యాస్. ఒక్కరే అమ్మేచోట ఒక్కో యజమాని విడిగా వెళ్తే అచ్చేసిన ఫారమే చేతికిస్తారు. పారిశ్రామికవాడ సంఘం ముప్పై నలభై యూనిట్ల వినియోగాన్ని కలిపి వెళ్తే వినక తప్పదు. కనీస హామీని రోజువారీ కాకుండా మూడు నెలలకో ఏడాదికో లెక్కించమనండి. వాడకుండా డబ్బు కట్టిన గ్యాస్‌ను తర్వాతి నెలల్లో మేకప్ గ్యాస్‌గా తీసుకునే హక్కు రాయించండి. తొలి ఆరు నెలలు హామీ లేకుండా నడపనివ్వమనండి. ధర దేనికి ముడిపడిందో, బ్రెంట్ చమురు ధరకా స్పాట్ ధరకా అన్నది, రాతపూర్వకంగా అడగండి. డాలరు మారకం భారం ఎవరిదో కూడా. 2020 జూన్‌లో మొదలైన ఇండియన్ గ్యాస్ ఎక్స్ఛేంజిలో తొలి మూడు డెలివరీ కేంద్రాల్లో ఒకటి కాకినాడ దగ్గరి ఓడూరే. అక్కడి ధర చేతిలో ఉంటే బేరానికి ఒక కొలబద్ద ఉంటుంది.

ఇప్పటికే సంతకం చేసినవాళ్లు ఈ వారమే ఒప్పందం ప్రతి బయటికి తీయండి. గడువు ముగిసే తేదీ, దానంతటదే పొడిగించే వాక్యం ఉందా, ఎన్ని రోజుల ముందు నోటీసివ్వాలి, సెక్యూరిటీగా ఇచ్చిన బ్యాంకు గ్యారంటీని ఏ సందర్భాల్లో నగదు చేసుకోవచ్చు, ఇవి గుర్తుపెట్టి సంఘం ఆఫీసుకు తీసుకెళ్లండి. నోటీసు గడువు దాటితే మరో ఏడాదికి కట్టుబడినట్టే.