ఉష్ణపాఠము వల్లించిన చాలునా?

"వేడిమిచే అణువుల చలన మధికమగును, ఘనపదార్థము ద్రవమగును, ద్రవము వాయువగును" అని మన బాలబాలికలు పరీక్షలయందు తప్పులేకుండ వ్రాయుదురు. మార్కులును వచ్చును. కాని యా వాక్యము వ్రాసినవారినే పిలిచి, వసారాలోని కుండనీరు చల్లగా నుండుటకు కారణమేమని యడిగినచో, పెక్కుమంది "మట్టి చలువ" యని చెప్పి యూరకుందురు. ఈ పాఠము వల్లించుటకు గాక చేసి చూచుట కేర్పడినదని మా యభిప్రాయము. అది యెందులకో యిచ్చట మనవి చేయుదుము.

మంచుగడ్డయందలి అణువులు తమతమ స్థానములను వదలక కంపించుచుండును. వేడిమి తగిలినకొలది యా కంపనము హెచ్చి, 0 డిగ్రీల యొద్ద వాని కూర్పు సడలును. గడ్డ కరగి నీరగును. నీటియందలి అణువులు ఒకదాని ప్రక్కనుండి మరియొకటి జారుచు తిరుగును. సముద్రమట్టమున 100 డిగ్రీల యొద్ద నీరు మరగి, అణువులు పరస్పరాకర్షణమును వదలించుకొని యావిరియై పోవును. కరగునపుడును, మరగునపుడును పొయ్యి మండుచునే యున్నను ఉష్ణమాపకము పైకి పోదు. ఇచ్చిన వేడిమి యేమయ్యెను? అది అణువుల వేగమును హెచ్చించుటకు గాక వాని బంధమును విడదీయుటకు వ్యయమగుచున్నది. 1760 ప్రాంతమున గ్లాస్గో విశ్వవిద్యాలయమునందలి జోసెఫ్ బ్లాక్ దీనిని కనిపెట్టెను. మనము దానిని గుప్తోష్ణ మందుము. 1 గ్రాము మంచు కరగుటకు 80 కెలోరీలును, 1 గ్రాము మరగునీరు ఆవిరియగుటకు 540 కెలోరీలును కావలయును. అన్నపుగిన్నె మూత తీయునపుడు తగిలిన యావిరి మరగునీటికంటె నెక్కువగా కాల్చుట కిదియే హేతువు. ఆవిరి నీరుగా మారుచు తన గుప్తోష్ణమును చర్మమున కప్పగించును.

నీరు మరగకయే యారిపోవుటయు గలదు. ఏ ద్రవమునందైనను అణువులన్నిటికిని ఒకే వేగ ముండదు. ఉపరితలమున మిక్కిలి వేగముగలవి తప్పించుకొని పోవును. మందముగా చలించునవి మిగులును. అందుచే మిగిలిన ద్రవము చల్లబడును. కుండయొక్క సన్నని రంధ్రములనుండి యూరిన నీరారుచు లోపలి నీటిని చల్లార్చు విధ మిదియే. మన దేహమును చెమట కాపాడు విధమును ఇదియే. గాలియందు తేమ నిండియున్నచో చెమట యారదు. కావుననే బందరు, కాకినాడ మొదలగు తీరపట్టణములందు ఉష్ణమాపకము రామగుండమునందుకంటె తక్కువ చూపు దినములందు సైతము ఉక్కపోతచే ప్రాణము విసుగును. అట్టి దినమున కుండనీరును అంతగా చల్లబడదు.

ఇది ప్రాణములతో కూడిన విషయము. 2015 మే మాసమున వీచిన వడగాడ్పులకు మన దేశమున రెండువేలమందికి పైగా మృతినొందిరి. వారిలో నధికసంఖ్యాకులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారే. వృద్ధులును, కూలినాలి చేసికొనువారును అందు పెక్కుమంది. పాఠము రానందున వారు పోయిరని మేమనము. ఎండలో పని మానినచో కూడు లేనివానికి పాఠ మేమి చేయగలదు? కాని ప్రక్కనున్నవారి కది చేయవలసిన పనిని తెలుపును. వడదెబ్బ తిన్నవానిని నీడకు చేర్చి, ఒడలెల్ల తడిపి, విసరుచు, జాగు చేయక వైద్యశాలకు కొనిపోవలయును. స్పృహ తప్పినవాని నోట నీరు పోయరాదు. తడిపి విసరు టెందులకో యెరిగినవాడు విసరుట మానడు.

పాఠ్యభాగము ముగియదనియు, పరికరములు లేవనియు కొందరు పెద్దలు చెప్పుదురు. ఆ కష్టము మే మెరుగనిది కాదు. అయినను మేము కోరునవి రెండు ఉష్ణమాపకములు, ఒక తడిబట్ట, ఒక కుండ మాత్రమే. ఒక యుష్ణమాపకపు బుడ్డికి తడిబట్ట చుట్టి, రెంటిని వసారాయందు వ్రేలాడదీసి, విద్యార్థులు వంతులవారిగా దినదినము రెండంకెలను నల్లబల్లపై వ్రాయవలయును. రెంటి భేదము తగ్గినకొలది గాలిలో తేమ హెచ్చినదని తెలియును. తడిబట్ట చుట్టినది 35 డిగ్రీలు చూపెనేని, ఆరోగ్యవంతుడు నీడలో నూరక కూర్చుండినను దేహము చల్లబడజాలదని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. అంతకు లోపలనే యపాయము గలదని యిటీవలి ప్రయోగములు తెలుపుచున్నవి. ఆ యంకె పెరిగిన దినమున ఆటలును, డ్రిల్లును ఉదయమునకు మార్చుటయో, మానుటయో చేయవచ్చును. ఇట్లు పిల్లలు వ్రాసిన యంకెయే పాఠశాల గంటను నడపినచో, అణువుల చలనము వారికి పుస్తకములోని మాటగా నుండిపోదు.

తల్లిదండ్రులకును మా మనవి యొకటి గలదు. సాయంకాలము పిల్లలు ఇల్లు చేరినపుడు, నేడు మార్కులెన్ని యని యడుగుటకు ముందు, నేటి కుండనీరు నిన్నటికంటె చల్లగా నున్నదా, లేదా, ఏల యని యడుగుడు. ఉత్తరము తెలియకున్న వారితో కూడి మీరును వెదకుడు. వేసవి సెలవుల పిమ్మట బడి తెరచు దినమున నల్లబల్లపై మొదట నా రెండంకెలు వ్రాయబడునట్లు ఉపాధ్యాయులు పూనుకొందురుగాక యని కోరుచున్నాము.