అంతర్జాలపాఠమును యంత్రముచే చదివించుట – పరిష్కర్త బాధ్యత

ప్రాచ్యభాషాపరిశోధనమున నేడొక క్రొత్త పద్ధతి స్థిరపడినది. ఒక కావ్యమున ఒక పదము ఎన్నిమారులు ప్రయుక్తమైనదో తెలియగోరు పరిశోధకుడు పుటలు త్రిప్పుట లేదు. అంతర్జాలముననున్న ఆ గ్రంథపు పాఠ్యఫైలును స్క్రిప్టు అని వ్యవహరింపబడు చిన్న ప్రోగ్రాముచే చదివించి నిమిషములో లెక్క తీయుచున్నాడు. ఆ లెక్క వ్యాసమున చేరుచున్నది. వ్యాసమునుండి సిద్ధాంతగ్రంథమునకు ప్రాకుచున్నది. ఈ పద్ధతి నిరసింపదగినది కాదు. ఏండ్ల తరబడి సాగవలసిన పదసూచికను ఒక్క సాయంకాలమున సిద్ధపఱచు సాధనమును కాదనుట అవివేకమే యగును. అయినను ఫైలును చదివించు పనిని యంత్రజ్ఞునికి విడిచిపెట్టరాదనియు, అది పాఠపరిష్కరణమున తొలిమెట్టనియు నా అభిప్రాయము.

తాళపత్రప్రతి చేతికి వచ్చినపుడు మన పరిష్కర్తలు కొన్ని ప్రశ్నలు వేసికొనుట సంప్రదాయము. దీనికి మాతృక యేది? లేఖకుడెవడు? అతని లేఖనపు అలవాట్లెట్టివి? ఎచట శిథిలమైనది? పాఠ్యఫైలు విషయమునను ఈ ప్రశ్నలన్నియు యథాతథముగా వర్తించును. జర్మనీలోని గొట్టింగెన్ నగరమున వెలసిన ‘గ్రెటిల్’ అను సంస్కృతాది భారతీయభాషల పాఠసంగ్రహమున, ఫైళ్ల మొదట ఉపోద్ఘాతభాగ మొకటి కలదు. పాఠమును టైపు చేసినవారెవరో, ఏ ముద్రణమును అనుసరించిరో అచటనే చూడవలెను. అది మన ప్రతుల గద్యకును లేఖకుని విన్నపమునకును సమానము. స్క్రిప్టునకు ఈ వివేకము లేదు. మొదటి పంక్తినుండి అన్నియు గ్రంథమే యని తలచి ఉపోద్ఘాతపు మాటలను కూడ లెక్కించును. ఫైలు స్థానము మాఱి, ‘పుట లభింపలేదు’ అను సందేశమును సర్వరు పంపినను, దానినే కావ్యముగా చదివి, వెదకిన పదము సున్నసార్లు కలదని చెప్పును. ఆ సున్నను నమ్మి ‘ఈ కవి ఈ పదమును వాడియుండలేదు’ అని వ్రాసినచో ఆ దోషము యంత్రమునకు చెందదు.

మాతృకావిచారము ఎంత అవసరమో మహాభారతము తెలుపును. పూనాలోని భండార్కరు ప్రాచ్యపరిశోధనసంస్థ 1919లో ఆరంభించి 1966లో పాఠభాగమును పూర్తి చేసిన సంశోధితముద్రణమును జపానులోని క్యోటోలో మునేఓ తోకునాగా కంప్యూటరున కెక్కించెను. దానిని కేంబ్రిడ్జిలో జాన్ స్మిత్ సవరించెను. నేడు అనేకులు చదివించునది ఈ పాఠమే. అందు ప్రధానపాఠము మాత్రమే గల ఫైలును గైకొని ఆంధ్రమహాభారతముతో పోల్చువాడు, ఒక ఘట్టము ఫైలున లేనంతమాత్రమున ‘ఇది నన్నయ కల్పన’ అని తేల్చుటకు వీలులేదు. దాక్షిణాత్యశాఖలోని శ్లోకములు పెక్కు పూనా ముద్రణమున అధస్సూచికలలోను అనుబంధములలోను ఉన్నవి. 1931 మొదలు పి.పి.ఎస్. శాస్త్రి పరిష్కరించగా మద్రాసున వావిళ్లవారు వెలువరించిన దాక్షిణాత్యపాఠమును చూడక మూలమున లేదని పలుకుట సాహసము. ఫైలున లేకుండుట వేఱు, మూలమున లేకుండుట వేఱు.

ఆ ఫైలులోనే మఱియొక సూక్ష్మము గలదు. ప్రతి పంక్తికి ముందు ఎనిమిది అంకెల గుఱుతుండును. మొదటి రెండంకెలు పర్వమును, తరువాతి మూడు అధ్యాయమును, చివరి మూడు శ్లోకమును తెలుపును. భగవద్గీత మొదటి శ్లోకము ఆ ముద్రణమున భీష్మపర్వపు 23వ అధ్యాయమున నుండుటచే దాని గుఱుతు 06023001. స్క్రిప్టు దీనిని సంఖ్యగా గ్రహించినచో మొదటి సున్న లోపించి ఏడంకెలే మిగులును. అప్పుడు మొదటి రెండంకెలను పర్వసంఖ్యగా తీసికొను ప్రోగ్రాము ఆరవ పర్వమును అరువదవ పర్వముగా చూపును. గుఱుతును అక్షరముల వరుసగానే చదివింపవలెనని చెప్పుటకు ఆ సున్న ప్రయోజన మెఱిగినవాడు కావలెను.

లిప్యంతరీకరణమున వచ్చు చిక్కు ఇంకను లోతైనది. హార్వర్డు–క్యోటో పద్ధతిలో సంస్కృతమును ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుదురు. అందు చిన్నబడి, పెద్దబడి అక్షరముల భేదమే వర్ణభేదము. హ్రస్వాకారమునకు చిన్నబడి, దీర్ఘమునకు పెద్దబడి. తకారమునకు చిన్నబడి, టకారమునకు పెద్దబడి. ఇంగ్లీషు పాఠములకు అలవాటుపడిన ప్రోగ్రాము రచయిత మొదటి పనిగా అన్నిటిని చిన్నబడిలోనికి మార్చును. ఇంగ్లీషున అది నిరపాయము. ఇచట ఫల–ఫాలములు, పద–పాదములు, కుల–కూలములు ఒక్కటియై పోవును. నకార ణకారములు కలిసిపోవును. ఫలితముగా వచ్చిన పట్టిక ఎంత చక్కగా ముద్రితమైనను వ్యర్థమే.

తెలుగు లిపిలోని ఫైళ్లు ఈ దోషమునకు దూరమైనను వాని కష్టములు వానికున్నవి. యూనికోడున ‘లక్ష్మి’ అను పదమునకు ఏడు సంకేతములు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. యూటీఎఫ్-8 రూపమున ఒక్కొక్కటి మూడు బైట్లు కాగా మొత్తము ఇరువదియొక్క బైట్లు. ఛందస్సున ఇది రెండే అక్షరములు. మొదటిది గురువు, రెండవది లఘువు. ఉత్పలమాలలో యతిస్థానము పదవ అక్షరము. పదవ సంకేతమును చూపుమని యంత్రము నడిగినవానికి యతి దొరకదు. ఐత్వమును ఒకే సంకేతముగా గాని, ఎత్వమును క్రింది గుఱుతును కలిపి రెండు సంకేతములుగా గాని వ్రాయవచ్చును. యూనికోడు ప్రమాణమున ఇవి సమానములే యైనను, సమీకరణము చేయక పోల్చిన ప్రోగ్రాము వీనిని భిన్నపదములుగా ఎంచును. ద్రుతాంతపదముల నకారపుపొల్లును నిలుపుటకై కొందఱు టైపు చేయు కనబడని సంకేతము వలన, కంటికి ఒక్కటిగా తోచు రెండు పదములు లెక్కలో వేఱగును. శకటరేఫమును సాధురేఫముగా టైపు చేసిన ఫైలునుండి ప్రాసనియమమును గూర్చి సిద్ధాంతము చేయుట యెంత ప్రమాదమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇంతకంటె భయంకరమైన దొకటి గలదు. సర్వరు పంపునది బైట్ల వరుస. దానిని అక్షరములుగా మార్చునపుడు, పొసగని బైట్లు వచ్చినచో పైథాను వంటి భాషలు సాధారణముగా దోషమును ప్రకటించి ఆగిపోవును. ఆ ఆటంకమును తొలగించుటకు ‘దోషములను విడిచి ముందునకు సాగుము’ అను ఆజ్ఞను చేర్చుట తఱచుగా జరుగుచున్నది. అప్పుడు పొసగని యక్షరములు గుఱుతైనను లేకుండ జాఱిపోవును. మంచి లేఖకుడు శిథిలాక్షరమున్న చోట ఖాళీ విడిచి తన నిజాయితీని నిలుపుకొనెడివాడు. యంత్రము చేత మనము ఆపాటి నిజాయితీనైన పాటింపజేయకుండుట తగునా?

దీనికి రెండు వైపులనుండి ఆక్షేపణలు రాగలవు. ఇది సాంకేతికుల పని, శాస్త్రపండితులకేల యని కొందఱందురు. అనుస్వారముతో వ్రాసిన ‘సంధి’యు పరసవర్ణముతో వ్రాసిన ‘సన్ధి’యు ఒకే పదమని సాంకేతికునకు చెప్పవలసినవాడు పండితుడే కదా! యంత్రము లెక్కించుచుండగా పండితునితో పనియేమని మఱికొందఱందురు. యంత్రము లెక్కించును గాని, లెక్కింపదగినదేదో నిర్ణయింపలేదు. అధ్యాపకులందఱు ప్రోగ్రాములు వ్రాయవలెనని నేను కోరుట లేదు. వ్రాసినవానిని ప్రశ్నింపగల జ్ఞానము ఉండవలెనని మాత్రమే కోరుచున్నాను.

అంతర్జాలపు ఫైలు నిలుకడగల వస్తువు కాదు. దానిని ఉంచినవారు రేపు సవరింపవచ్చును, ఎల్లుండి తొలగింపవచ్చును. స్క్రిప్టు నడిపిన ప్రతిసారి ఫైలును క్రొత్తగా తెచ్చుకొనినచో నేటి లెక్కకు రేపటి లెక్క సాక్ష్యమీయదు. కావున ఫైలును ఒక్కసారి దింపుకొని, తేదీ వేసి, మార్పు చేయక భద్రపఱచి, దానినుండియే చదివించుట మేలు. సవరణలన్నియు ప్రత్యేకప్రతిలో చేసి, చేసిన ప్రతి మార్పును వ్రాసి పెట్టవలెను. పిదప యాదృచ్ఛికముగా కొన్ని పద్యములను ఎన్నుకొని ముద్రితగ్రంథముతో అక్షరాక్షరము సరిచూడవలెను. ఈ శ్రమ ఒకటి రెండు దినములది. దీనిని తప్పించుకొన్న దోషము తరములవఱకు ఉదాహృతమగును.

ప్రాచ్యకళాశాలలలో పాఠపరిష్కరణము బోధించుచోట ఈ విషయమునకు కొన్ని తరగతులైనను కేటాయింపవలెను. లిపిపరిణామమును, లేఖకదోషములను బోధించు గురువే సంకేతదోషములను బోధించుట సహజము. పరిశోధనపత్రికల సంపాదకులును ఒక నియమము నేర్పఱచుకొందురుగాక: ఏ ఫైలు, ఏ ముద్రణము, ఏ తేదీ, ఏ మార్పులు అను నాలుగు వివరములు లేని పదసంఖ్యను ప్రకటింపరాదు. ప్రతివివరము లేని పాఠాంతరమును పరిష్కర్తలు అంగీకరింపరు. సంఖ్య విషయమున ఆ కట్టుబాటును సడలించుటకు హేతువు కనబడదు.