ఎక్కడం సరే, దిగడం వచ్చా?

ఫ్రాన్స్ ఆల్ప్స్‌లో జరిగే లా మార్మోట్ సైకిల్ పోటీలో విచిత్రమైన నిబంధన ఒకటుంది. 1982లో మొదలైన ఈ అమెచ్యూర్ పోటీ దాదాపు 175 కిలోమీటర్లు. ఎక్కే ఎత్తంతా కలిపితే సుమారు 5,000 మీటర్లు. దారిలో 1,924 మీటర్ల ఎత్తున్న గ్లాండన్ కనుమ దిగేంతసేపూ నిర్వాహకులు గడియారం ఆపేస్తారు. ఎంత దూకుడుగా దిగినా ఒక్క సెకను కలిసిరాదు. అక్కడ ప్రమాదాలు జరిగి జరిగి, తొందరపడటానికి కారణమే లేకుండా చేశారు.

యూరప్‌లో జరిగే వేసవి పోటీలకు పేరిచ్చిన, ఇవ్వబోతున్న తెలుగు సైక్లిస్టులు ఈ ఒక్క నిబంధన గురించి నిదానంగా ఆలోచించాలి. హైదరాబాద్ క్లబ్బుల్లో తొక్కేవారికైనా, జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో తొక్కేవారికైనా ఇదే మాట. మీ బెంగంతా ఎక్కడం గురించి. ప్రాణం మీదికి వచ్చేది దిగేటప్పుడు.

మన ప్రాక్టీసు ఎక్కడ సాగుతోంది? ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ మీద, లేదా ఇంట్లో సైకిల్ బిగించి తొక్కే ట్రైనర్ మీద. దమ్ము పెంచుకోవడానికి రెండూ మంచివే. కానీ ట్రైనర్‌కు మలుపు లేదు, తడి రోడ్డు లేదు, వెనకనుంచి దూసుకొచ్చే మనిషీ లేడు. ఆరు నెలలు దాని మీద చెమటోడ్చినవాడు కొండ ఎక్కేస్తాడు. ఆ తర్వాత జీవితంలో ఎన్నడూ చూడని వేగంతో, అలసిన ఒంటితో, వందలమంది మధ్య కిందికి జారుతాడు.

చలిని మనవాళ్లు అసలు లెక్కలోకే తీసుకోరు. మార్మోట్ మొదలయ్యే బూర్గ్ ద్వాజాన్ ఊరు సుమారు 720 మీటర్ల ఎత్తులో ఉంది. దారిలో వచ్చే గాలిబియె కనుమ ఎత్తు 2,642 మీటర్లు. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుందనుకుంటే, పైన పన్నెండు డిగ్రీల తేడా. చెమటతో తడిసిన జెర్సీతో అక్కడినుంచి దిగితే ఎదురుగాలికి వేళ్లు కొయ్యబారతాయి. బ్రేకు పట్టాలని మనసుకు ఉన్నా వేళ్లు మాట వినవు. గాలి ఆపే జాకెట్, పూర్తి వేళ్ల గ్లవ్స్ జేబులో లేనివారు ఆ కనుమ ఎక్కనే కూడదు. ఎండ కాస్తోంది కదా అని బరువు తగ్గించుకునే తెలివి అక్కడ చెల్లదు.

ఇదంతా కొత్తవాళ్ల సంగతి అనుకోకండి. 2023 జూన్‌లో టూర్ ద స్విస్ సైకిల్ పోటీలో ఆల్బులా కనుమ దిగుతూ లోయలో పడిన జీనో మేడర్ మర్నాడు చనిపోయాడు. 26 ఏళ్లవాడు, ఆ కొండలున్న స్విట్జర్లాండ్‌వాడే, వృత్తిరీత్యా సైక్లిస్టు.

అద్దె సైకిల్ తీసుకుంటే మరో చిక్కు. మన దగ్గర చాలా సైకిళ్లకు కుడిచేతి లివర్ ముందు బ్రేకుది. ఫ్రాన్స్‌లో సాధారణంగా ఎడమచేతిది. గాభరాలో చెయ్యి పాత అలవాటుకే పోతుంది. ముందు చక్రం బిగిసిపోతే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. దుకాణంలోనే లివర్లు మార్పించుకోండి. రోడ్డుకు కుడిపక్కన తొక్కడం కూడా పోటీకి రెండు రోజుల ముందే ఒంటికి అలవాటు కావాలి. లెటాప్ డు టూర్ లాంటి పోటీకి రోడ్లు మూసేస్తారు గానీ అన్నింటికీ అలా మూయరు.

ఇక బీమా. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి కాబట్టి ఇక్కడినుంచి వెళ్లేవారంతా ఏదో ఒకటి కొంటారు, వీసా వచ్చాక ఫైల్లో పెట్టేస్తారు. వీసా ఇచ్చేవారు చూసేది ఆ అంకెను. పోటీలో పడితే డబ్బు వస్తుందా రాదా అన్నది వాళ్లకు పట్టదు. చాలా ప్రయాణ పాలసీల మినహాయింపుల్లో రేసింగ్, సాహస క్రీడలు ఉంటాయి. "నేను గెలవడానికి కాదు, సరదాకి తొక్కాను" అని వాదించవచ్చు. సైకిల్‌కు నంబరు, టైమింగ్ చిప్ ఉన్నాక ఆ వాదన ఎంతవరకు నిలుస్తుంది? స్విట్జర్లాండ్‌లోనైతే హెలికాప్టర్ బిల్లు కూడా గాయపడినవారి పేరిటే వస్తుంది. రాలేకపోయిన మిత్రుడి నంబరు తగిలించుకుని తొక్కేవారి పని మరీ అధ్వాన్నం. స్పృహ తప్పి ఆస్పత్రికి చేరితే అక్కడి కాగితాల్లో ఉండేది వేరొకరి పేరు.

ఇంకో జాగ్రత్త. మోకాలి నొప్పికి ట్రమడాల్ మాత్ర వేసుకునే అలవాటుంటే మానండి. 2024 జనవరి నుంచి అది పోటీల్లో నిషిద్ధం. పైగా మత్తు కలిగిస్తుంది.

బయల్దేరే ముందు అరకు ఘాట్‌లోనో హార్స్‌లీ హిల్స్‌లోనో, తెల్లవారాక వాహనాలు పెరగకముందే, దిగడం ఒక్కటే సాధన చెయ్యండి. బ్రేకు మలుపులో కాదు, మలుపుకు ముందే వెయ్యాలి. అదేపనిగా పట్టుకోకుండా నొక్కుతూ వదులుతూ దిగాలి. చూపు మలుపు అవతలికి పోవాలి. అనుభవజ్ఞుడు వెనక ఉండి తప్పులు చెబితే ఇంకా మంచిది.

బీమా సంస్థకు ఈ వారమే ఈమెయిల్ పంపండి. పోటీ పేరు, తేదీ, దేశం రాసి, "ఇందులో గాయపడితే చికిత్సకు, రెస్క్యూకు, స్వదేశానికి చేర్చడానికి చెల్లిస్తారా" అని అడగండి. ఫోన్లో చెప్పే మాట చాలదు. రాతపూర్వకంగా అవునని రాకపోతే పోటీలకు వర్తించే వేరే పాలసీ కొనండి. అదీ దొరక్కపోతే ఎంట్రీ ఫీజు పోతే పోయిందనుకుని ఈ ఏడాదికి ఆగిపోండి.