మ్యాప్‌లో మన ఖబరస్తాన్ ఖాళీ జాగా



మా ఫుప్పు ఇంతెఖాల్ అయిన రోజు చిన్న చాచా కర్నూలు నుంచి కారులో బయల్దేరాడు. జొహర్ తర్వాత జనాజా. మా ఊరి దారులు ఆయనకు అంతగా తెలియవు. ఇంట్లో ఏడుపుల మధ్య ఎవరమూ ఫోన్ ఎత్తలేదు. ఫోన్‌లో మ్యాప్ పెట్టి ఖబరస్తాన్ పేరు కొడితే దొరకలేదట. మొహల్లా పేరు కొడితే కాలువ అవతలి గట్టు మీదికి తీసుకుపోయి వదిలేసింది. ఇవతల ఖబరస్తాన్ ఉన్నచోట ఆ మ్యాప్‌లో ఖాళీ జాగా. అడుగుతూ అడుగుతూ ఆయన చేరేసరికి నమాజె జనాజా అయిపోయింది. సొంత అక్క ఖబర్‌లో మూడు పిడికిళ్ల మట్టి వేసే నసీబ్ కూడా లేకపోయింది.

ఆ రాత్రి అందరం కలిసి మ్యాప్‌ను తిట్టాం. 'మన మొహల్లాలంటే వాళ్లకు లెక్కలేదు, జాన్‌బూఝ్‌కే వదిలేస్తారు' అన్నారు మా బడే మాము. నేనూ తలూపాను. తర్వాత నిద్ర పట్టక ఆలోచిస్తే అర్థమైంది, ఇల్జామ్‌లో సగం మనదే.

ఎందుకో చెప్తాను. దావత్‌లో ముందు దస్తర్‌ఖాన్ పరుస్తాం, ఆ తర్వాతే బిర్యానీ, ఖుర్మా, ఖుబానీ. ఆన్‌లైన్ మ్యాపుల్లోనూ అంతే. రోడ్లు, గల్లీలు, చెరువులు, కట్టడాలు, పేర్లు ఉన్న అడుగు పొరను బేస్‌మ్యాప్ అంటారు. ఆర్డరిచ్చిన అన్నం తెచ్చే కుర్రాడైనా, వరద లెక్కలు వేసే అధికారైనా దాని మీదే తమ సామాను పెట్టుకుంటారు. ఆ దస్తర్‌ఖాన్‌లో మన గల్లీ దగ్గర చిల్లు ఉంటే పైన ఏం వడ్డించినా కింద పడుతుంది.

దాన్ని నేసేది కంపెనీలు మాత్రమే అనుకోవడం మన గలత్‌ఫహమీ. 2004లో ఇంగ్లండ్‌లో స్టీవ్ కోస్ట్ అనే ఆయన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మొదలుపెట్టాడు. ఎవరైనా ఖాతా తెరిచి తమకు తెలిసిన దారి, బడి, బావి గుర్తించవచ్చు. ఎవరైనా ముఫ్త్‌గా వాడుకోవచ్చు, కానీ ఎక్కడిదో చెప్పాలి. మెటా కంపెనీ 2020లో ఆ డేటాను జల్లెడ పట్టి, తప్పులూ అల్లరి మార్పులూ తీసేసి, డేలైట్ పేరుతో విడుదల చేయడం మొదలుపెట్టింది. ఎస్రీ లాంటి పెద్ద మ్యాప్ సంస్థ దాంతో బేస్‌మ్యాప్ తయారుచేసింది. 2022 డిసెంబర్‌లో అమెజాన్, మెటా, మైక్రోసాఫ్ట్, టామ్‌టామ్ కలిసి ఓవర్చర్ అనే సంస్థ పెట్టాయి. అందులోనూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సరుకు ఉంది. అంటే మీరు మీ గల్లీలో కూర్చుని పెట్టిన ఒక్క గుర్తు తనిఖీలు దాటుకుని, కొన్ని వారాలకో నెలలకో, దునియాలో ఎక్కడో ఉన్నవాడి తెర మీదికి చేరుతుంది. అన్ని మ్యాపులూ ఈ డేటా వాడవు, ఒప్పుకుంటాను. కానీ తెరిచి ఉన్న దర్వాజా ఇదీ. ఆ దర్వాజా దగ్గర మనవాళ్లు ఎంతమంది ఉన్నారు?

మన జల్సాల్లో మాత్రం లోటు లేదు. అల్ ఇద్రీసీ 1154లో సిసిలీ రాజు కోసం దునియా నఖ్షా గీశాడని మైకు పగిలేలా చెప్తాం. సుభానల్లా అంటాం. ఇద్రీసీ మనవాడని ఫఖర్ పడే నౌజవాన్లను అడుగుతున్నాను: మీ మసీదు వెనక గల్లీ మ్యాప్‌లో ఉందా? మీ పీర్ల చావిడి ఉందా? దాదాజాన్ పడుకున్న ఖబరస్తాన్ ఉందా?

ఉపగ్రహానికి మసీదు కప్పు కనిపిస్తుంది, పేరు కనిపించదు. యంత్రాలు ఇప్పుడు ఫొటోల నుంచి రోడ్లు గీస్తున్నాయి. కానీ ఆ రోడ్డును మీ అమ్మీ ఏమని పిలుస్తుందో ఏ యంత్రానికి తెలుసు? సమాధులు చెదిరి, గడ్డి పెరిగిన ఖబరస్తాన్ పైనుంచి చూస్తే బంజరే.

ఇక్కడ మూడు ఎతరాజ్‌లు వస్తాయని తెలుసు.

ఒకటి, 'కంపెనీలకు మనం ముఫ్త్‌లో చాకిరీ ఎందుకు?' వాళ్లు లాభపడతారు, నిజమే. కానీ ఆ డేటా వాళ్ల జాగీర్ కాదు. మీ మసీదు కమిటీ కూడా రేపు దాన్నే ముద్రించి గోడకు తగిలించుకోవచ్చు. మీరు చేయకపోతే కంపెనీకి పోయేదేమీ లేదు. జనాజా అందకపోయేది మన చాచాకే.

రెండోది, 'మన జాగాలు చూపిస్తే ఫసాద్ చేసేవాళ్లకు దారి చూపినట్టే కదా?' ఈ ఖౌఫ్‌ను నేను తేలిగ్గా తీసిపారేయను. అందుకే హద్దు పెడుతున్నాను. ఎవరి ఇంటి మీదా పేరు రాయొద్దు, మజ్‌హబ్ రాయొద్దు. మసీదు, మద్రసా, ఖబరస్తాన్ రోడ్డు మీద బోర్డుతో ఉన్నవే. చెడు ఇరాదా ఉన్నవాడికి అవి ముందే తెలుసు. తెలియనిది అంబులెన్స్ డ్రైవర్‌కే.

మూడోది, 'వక్ఫ్ జమీన్‌కు కాగితం కావాలి, మ్యాప్ సుబూత్ అవుతుందా?' కాదు. మ్యాప్ పట్టా కాదు, గెజిట్ కాదు. ఆ కాగితాల కోసం పోరాటం వేరే. కానీ అందరూ ఖాళీ జాగా అని చూసే చోటు ఖాళీ జాగాగానే అలవాటైపోతుందని కూడా గుర్తుంచుకోండి.

ఇక అందరికన్నా గట్టిగా చెప్పాల్సింది ఆవేశంతో దిగేవాళ్లకు. 2018 ఆగస్టులో ఎవడో న్యూయార్క్ పేరు మార్చి, యహూదీలను కించపరిచే మాట పెట్టాడు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాలంటీర్లు త్వరగానే సరిచేశారు. అయినా ఆ మాట మ్యాప్‌బాక్స్ సంస్థ బేస్‌మ్యాప్ ద్వారా స్నాప్‌చాట్ దాకా పాకింది. యంత్రం పట్టుకుందనీ, మనిషి తనిఖీలో పొరపాటున దాటిపోయిందనీ ఆ సంస్థే చెప్పింది. ఈరోజు వాళ్లమీద, రేపు మనమీద. ఎవరిమీదైనా జుల్మ్ జుల్మే.

కాబట్టి జనం గీసేది సరిపోదు, జనం తహ్‌కీక్ చేయాలి. ఖబర్ వస్తే పరఖాయించాకే నమ్మాలనే హుక్మ్ సూరె హుజురాత్‌లో ఉంది. ఎవరి నోట విన్నావు, అతను ఎవరి నోట విన్నాడు అని సనద్ అడిగిన ముహద్దిసీన్ వారసులం మనం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనూ ప్రతి మార్పుకూ ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అనే హిస్టరీ మిగిలి ఉంటుంది. అదీ ఒక సనదే. తగాదాలో ఉన్న జాగాను అంగుళం పెంచి గీశారా, అది ఖియానత్. వేరే కంపెనీ మ్యాప్ చూసి కాపీ కొట్టారా, అది చోరీ, అక్కడ కాయిదా కూడా ఒప్పుకోదు. పక్కనున్న గుడినీ చర్చినీ వదిలేసి మసీదునే గుర్తిస్తే మీ నఖ్షా కూడా లంగ్డా నఖ్షానే.

పద్ధతి కష్టం కాదు. జుమా తర్వాత ఇద్దరు పిల్లలు నడుస్తూ గుర్తించండి, మూడోవాడు మళ్లీ నడిచి సరిచూడండి. పేరు ముతవల్లీ సాబ్‌నో, గల్లీలో అందరికన్నా పెద్ద నానీమానో అడగండి. తెలుగులో, ఉర్దూలో విడివిడిగా రాసే వీలుంది, రెండూ రాయండి. ఇంట్లో ఉండే బెహన్లు ఫోన్‌లోనే సరిచూడగలరు, స్పెల్లింగుల్లో మగపిల్లల కన్నా వాళ్లే నయం.

పోయిన జుమాకు నేను మా ఖబరస్తాన్ గుర్తించాను. మా ముతవల్లీ సాబ్ ప్రహరీ చుట్టూ నాతోపాటు నడిచారు. చిన్న చాచా ఫోన్‌లో అది ఇంకా ఖాళీ జాగానే. ఎప్పుడు చేరుతుందో చూస్తున్నాను. మీ ఖబరస్తాన్ మీ ఫోన్‌లో ఉందో లేదో ఈ రోజే చూడండి.

అల్లాహ్ హాఫిజ్.