ఓటు లేని అమ్మలకు బడిలో చోటెక్కడ?

హ్యూస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో చాలామంది కేటీలోనో షుగర్‌ల్యాండ్‌లోనో ఇల్లు తీసుకున్నది బడుల కోసమే. అందుకే నగరం మధ్యలో ఉన్న హ్యూస్టన్ ఐఎస్‌డీలో జరుగుతున్నది మనకు పక్కవీధి గొడవలా వినిపిస్తుంది. కానీ మనం, ముఖ్యంగా నాలాగా ఇక్కడ ఓటు లేని తల్లులం, దాన్ని కాస్త శ్రద్ధగా చూడాలి.

ఇండియాలో సర్కారు బడి అంటే మంత్రిగారు, డీఈవో, జీవో. ఇక్కడ అలా కాదు. ఏ డిస్ట్రిక్ట్‌కి ఆ డిస్ట్రిక్ట్‌లో జనం ఎన్నుకున్న స్కూల్ బోర్డు ఉంటుంది. సూపరింటెండెంట్‌ని పెట్టేది, బడ్జెట్ చూసేది, పన్ను రేటు తేల్చేది ఆ బోర్డే. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి బడుల ఖర్చులో పెద్ద భాగం ఇంటి పన్ను మీదే పడుతుంది. అద్దెకు ఉన్నవాళ్లూ అద్దెలో కలిపి కడుతున్నట్టే. హెచ్4 మీద ఉన్నా, గ్రీన్‌కార్డు వచ్చినా డబ్బు మనదీ ఉంటుంది, ఓటు మాత్రం ఉండదు. (డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగితే "నో" అనే చెప్పండి. పొరపాటున టిక్ పెట్టినా తరవాత ఇమిగ్రేషన్‌లో తలనొప్పి.)

అయితే హ్యూస్టన్‌లో ఓటున్న వాళ్లకీ అదే పరిస్థితి వచ్చింది. ఒక బడి వరసగా ఐదేళ్లు ఫెయిలైతే ఆ బడిని మూసెయ్యాలి, లేదా బోర్డునే మార్చాలి అని 2015లో టెక్సాస్ చట్టం చేసింది. వీట్లీ హైస్కూల్‌తో ఆ లెక్క నిండింది. కొన్నేళ్లు కోర్టుల్లో నలిగాక 2023 జూన్ 1న రాష్ట్ర విద్యా కమిషనర్ మైక్ మొరాత్ డిస్ట్రిక్ట్‌ని చేతిలోకి తీసుకున్నారు. తొమ్మిది మందితో కొత్త బోర్డు వేసి, మైక్ మైల్స్‌ని సూపరింటెండెంట్‌గా పెట్టారు. ఎన్నికైన ట్రస్టీలకు పేరు మిగిలింది, పెత్తనం పోయింది. ఈ ఏర్పాటుని ఇప్పుడు 2027 జూన్ దాకా పొడిగించారు. చేతిలోకి తీసుకున్నప్పుడు 1.7 లక్షలకు పైగా పిల్లలున్న డిస్ట్రిక్ట్ ఇది.

ఫలితాలు రాలేదా అంటే, వచ్చాయి. 2025 రేటింగుల్లో అక్కడ ఎఫ్ వచ్చిన బడి ఒక్కటీ లేదు. అది కొట్టిపారేసే విషయం కాదు. బీద పిల్లల బడులు ఏళ్ల తరబడి అలా పడి ఉంటే పాత బోర్డు ఏం చేసిందని అడిగేవాళ్లూ ఉన్నారు, వాళ్ల ప్రశ్న న్యాయమే. కానీ నేను చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ. ఒకే ప్రయోగంలో నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో చెప్పలేం. టీచర్ల జీతాలు పెంచారు, పాఠాలు పైనుంచే తయారుచేసి పంపారు, కొన్ని బడుల్లో లైబ్రేరియన్లని తీసేసి, క్లాసులో అల్లరి చేసిన పిల్లల్ని కూర్చోబెట్టే గదులుగా లైబ్రరీలని మార్చారు. మార్కులు పెరగడానికి లైబ్రరీ పోవాలా అని తల్లులు అడిగారు. ఓటుతో దించగలిగే బోర్డు అయితే ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సి వచ్చేది.

వాళ్ల చేతిలో మిగిలింది ఒక్కటే. బాండ్లు జారీ చేయాలంటే జనం ఒప్పుకోవాలి. 2024 నవంబరులో 440 కోట్ల డాలర్ల బాండు ఓటింగుకి వస్తే ఓడించారు. పాత భవనాలకి, ఏసీలకి ఆ డబ్బు నిజంగా కావాలి. ఆ సంగతి తెలిసే వద్దన్నారు. అది విన్నప్పుడు నాకు బాధా వేసింది, ఆ తల్లిదండ్రుల మీద గౌరవమూ కలిగింది.

మరి బాండు మీద కూడా ఓటు లేని మన సంగతేమిటి?

ఫెర్పా అని 1974 నాటి ఫెడరల్ చట్టం ఉంది. మన పిల్లల రికార్డు చూపించమని అడిగితే బడి 45 రోజుల్లోపు చూపించాలి. టెక్సాస్ చట్టంలోనూ పాఠ్య సామగ్రి, జరిగిపోయిన పరీక్షల పేపర్లు చూసే హక్కు తల్లిదండ్రులకు రాసి ఉంది. సిటిజన్ అన్న మాట అందులో లేదు, పేరెంట్ అనే ఉంది. బోర్డు మీటింగులో అజెండా మీద మాట్లాడటానికీ పాస్‌పోర్టు రంగు అడగరు. ముందుగా పేరు ఇవ్వాలి, రెండు మూడు నిమిషాలిస్తారు, అంతే.

మనకి బాగా పనికొచ్చేది ఇంకొకటి ఉంది. పిల్లల్ని చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారం ఇస్తారు కదా. "తెలుగు అని రాయకు వదినా, ఈఎస్ఎల్‌లో పడేస్తారు" అనే సలహా మన గ్రూపుల్లో ప్రతి ఆగస్టులో తిరుగుతుంది. రాస్తే జరిగేది ముందు ఇంగ్లిష్ పరీక్ష. అందులో అవసరమని తేలినా, మనం రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఆ క్లాసులో వేస్తారు. వద్దనే హక్కు ఉన్నప్పుడు అబద్ధం దేనికి? పైగా ఆ నిర్ణయాలు చూసే ఎల్‌పాక్ అనే కమిటీలో అలాంటి పిల్లల తల్లో తండ్రో ఒకరు ఉండాలని రాష్ట్ర నియమం. ఆ కుర్చీకి మనిషి దొరక్క బడివాళ్లు వెతుక్కుంటుంటారు.

మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు. ఎన్నో ఊళ్లలో అది సంతకాల వరకే అని నాకూ తెలుసు. ఇక్కడ మాత్రం రెండు డిగ్రీలున్న మనం శనివారం కూమాన్‌కి కారు నడిపి, స్కూల్ సంగతి స్కూలే చూసుకుంటుందిలే అనుకుంటున్నాం.

ఎల్‌పాక్‌లో చేరాలంటే ఫ్రంట్ ఆఫీసుకి ఒక ఈమెయిల్ చాలు. శిక్షణ వాళ్లే ఇస్తారు. మీటింగులు ఎక్కువగా పగటిపూటే, మనలాంటి ఇంటిపట్టున ఉండేవాళ్లకి కుదిరే వేళే.