చంచల్‌గూడ మహిళా జైలు నుంచి విడుదలైన మర్నాడు

తెలంగాణ జైళ్ల శాఖ డైరెక్టర్ జనరల్ గారికి,

ఖైదీలకు పని నేర్పుతున్నారు, చదువు చెబుతున్నారు, ‘మై నేషన్’ పేరుతో జైలు సరుకు బజారుకొస్తోంది. సంతోషం. మా విన్నపమంతా చంచల్‌గూడ ఆడవాళ్లు విడుదలైన మర్నాటి గురించే.

మగవాడు బయటికొస్తే గేటు దగ్గర ఎవరో ఒకరు కాచుకుంటారు. ఆడదానికి చాలాసార్లు అత్తిల్లూ ఉండదు, పుట్టిల్లూ రానివ్వదు. కుట్టుపని వచ్చినా చేతిలో మిషను లేదు, అద్దెకు గది ఇచ్చేవాళ్లు లేరు. ఇక పని నేర్చుకున్నట్టు ఇచ్చే సర్టిఫికెట్ మీద జైలు పేరుంటే దాన్ని ఏ యజమానికి చూపించుకోవాలి? ఐటీఐ ద్వారా ఇప్పించండి.

పిల్లల సంగతి మరీ కష్టం. ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు 2006 తీర్పు ప్రకారం బిడ్డ ఆరేళ్లు నిండేదాకా తల్లితో జైల్లో ఉండొచ్చు. ఆ తర్వాత? ఏ హాస్టల్లో వేశారో తల్లికి తెలియాలి, వారం వారం బిడ్డ గొంతు వినిపించాలి.

ఇక పని నేర్పే విషయానికొస్తే, దేశంలోని ఖైదీల్లో ఎక్కువమంది విచారణలో ఉన్నవాళ్లే. శిక్ష పడలేదు కాబట్టి వాళ్లతో బలవంతంగా పని చేయించకూడదు, నిజమే. అడిగినవాళ్లకు నేర్పడానికేం అడ్డు?

కుట్టు మిషను, మూడు నెలల గది అద్దె: ముందు ఈ రెండూ మంజూరు చేయండి.

ఇట్లు,
హైదరాబాద్ పౌరురాలు